ముందుకు జరగండి, ఖాళీ ఉన్నది

మొన్న మొయినాబాద్‌లో చేవెళ్ల బస్సు ఎక్కాను. తలుపు దగ్గర జనం ఒకరి మీద ఒకరు వేలాడుతున్నారు. నడుమ మాత్రం చాప పరుచుకుని పడుకునేంత జాగా ఉంది. కండక్టర్ అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. గొంతు చించుకుని అరిచింది.

"ముందుకు జరుగుండ్రమ్మా, లోపల మస్తు ఖాళీ ఉన్నది."

అంతే, నాకు నవ్వొచ్చింది. చిన్న నవ్వు కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే ముక్కులోంచి వచ్చింది. పక్కన కూరగాయల గంపతో ఉన్న ఆవిడ నన్ను అనుమానంగా చూసి, గంపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. నవ్వుతుండగానే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడామెకు జాలేసినట్టుంది.

"ఏమైందమ్మా, ఎవరన్న యాదికొచ్చిన్రా?" అంది.

"మా కండక్టర్ గారు గుర్తొచ్చారండి."

"ఏ రూటు?"

దానికేం చెప్పను? చేవెళ్ల, మెహదీపట్నం రూటు అని చెప్పి ఊరుకున్నాను. ఉద్యోగమంతా ఆ రూట్లోనే చేశాడు, అబద్ధమేమీ కాదు. కానీ నాకు ఆయన తెలిసేనాటికే రిటైరయ్యాడు. మొయినాబాద్ పక్కనే ఉన్న మా ఊరు హిమాయత్‌నగర్ చర్చిలో సంఘపెద్ద. బస్సు దిగాడే గానీ దిగిన సంగతి ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

ఆయనకు ఎవరి పేరూ గుర్తుండేది కాదు. ఊళ్ళు గుర్తుండేవి. జీవితమంతా మనుషుల్ని దిగే స్టాపుతోనే పిలిచాడు కదా. "ఏయ్ చిల్కూరు, పాట ఎత్తుకో." "కొండకల్, మొన్న రాకపోతివి, జరం తగ్గిందా?" ఒకసారి మా చర్చిలో పెళ్ళి జరుగుతుంటే, ప్రార్థన చేయమన్నారని లేచి, "ప్రభువా, చిల్కూరును, శంకర్‌పల్లిని ఇయ్యాల ఒక్కటి చేస్తున్నవ్" అన్నాడు. రోడ్డేదో వేస్తున్నారనుకున్నాడు పెళ్ళికొచ్చిన పట్నం చుట్టం ఒకాయన. నన్ను "భీమవరం" అనేవాడు. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం మేము అక్కణ్ణుంచి వచ్చి పాతికేళ్ళు దాటింది, పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇల్లు ఇక్కడే కట్టుకున్నాం. అయినా నేను భీమవరమే. అందరినీ ఊరి పేరుతో పిలిచిన మనిషిని మేమూ పేరుతో పిలవలేదు. ఊరంతటికీ కండక్టర్ సాబ్. నేనొక్కదాన్నే బాబాయిగారూ అనేదాన్ని.

"గారు తీసెయ్ బిడ్డా, లగేజీ ఎక్కువైతున్నది" అనేవాడు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే ఈయన నాతో ఎందుకంత తంటాలు పడ్డాడో అర్థం కాదు. ఇంట్లో నా గొంతుకు ఎదురు లేదు. నేను వంటింట్లోంచి మా ఆయన్ను పిలిస్తే రెండిళ్ళవతల వాళ్ళ కుక్క లేచి నిలబడుతుంది. కానీ నలుగురు కూచున్న చోట నోట్లో నాలుక ఉండదు. మొయినాబాద్‌లో ఒక స్కూల్లో ఆఫీసు పని నాది. ఎంత పెద్ద ఉత్తరమైనా రాసిపడేస్తాను. మీటింగులో లేచి రెండు ముక్కలు చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు. చర్చిలో ఆడవాళ్ళ కూడికలో వరసగా ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేస్తారు. ఆ వరస నా వైపు వస్తుంటే, నా పక్కామె ఆమెన్ అనేలోగా నేను మంచినీళ్ళ కుండ దగ్గర ఉండేదాన్ని. నాకు దేవుడితో చెప్పుకోవాల్సింది లేక కాదు. లోపల బోలెడుంది. అదంతా గొంతు దాకా వచ్చి అక్కడ ఆగిపోతుంది. ఎంత సిగ్గేసేదో, ఒక్కోసారి ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని.

మొదట్లో నేను చర్చిలో ఆఖరి బెంచీలో, తలుపు పక్కన, చెప్పులు కనబడేచోట కూర్చునేదాన్ని. కండక్టర్ సాబ్ ఆ తలుపు దగ్గరే నిలబడేవాడు. కూర్చోగా నేను చూడలేదు. కూర్చుంటే నిద్రొస్తదని చెప్పేవాడు. ఒక ఆదివారం వచ్చి నా బెంచీ మీద వేలితో తట్టాడు.

"భీమవరం, జర ముందుకు. ఖాళీ ఉన్నది."

"ఇక్కడ బానే ఉందండి బాబాయిగారూ. గాలొస్తోంది."

"ఫుట్‌బోర్డ్ మీద గాలి మంచిగనే ఒస్తది, నాకెరుకలేదా? పడేటోళ్ళు గూడ ఆడికెల్లే పడుతరు. జరుగు. ఎనక ఎక్కేటోళ్ళకు జాగ ఇయ్యాలె గద."

ఒక బెంచీ జరిగాను. తర్వాత ఆదివారం ఇంకొకటి. అట్లా తడుతూ తడుతూ ఏడాది తిరిగేసరికి నన్ను మొదటి బెంచీకి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. దేవుడికి దగ్గరయ్యానో లేదో గానీ ఫ్యాన్‌కు మాత్రం దగ్గరయ్యాను. వెనక్కి తిరిగి చూస్తే నా పాత చోటులో ఎవరో కొత్తామె, చంకలో పిల్లాడితో, తలుపు వైపే చూస్తూ కూర్చుని ఉంది. ఆమె పక్కనే ఆయన నిలబడి ఉన్నాడు.

ఆయన తట్టడానికి పద్ధతి ఉంది, బస్సులో బెల్లు కొట్టినట్టే. బెంచీ మీద రెండుసార్లు తడితే పాట మొదలవ్వాలి. ఒకసారి తడితే ఆగిపోవాలి. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్ళు కొందరు దిగరు కదా. పెళ్ళి నుంచి మొదలుపెట్టి, ఆపరేషను మీదుగా, మనవరాలి పరీక్షల దాకా వస్తారు. అప్పుడు టక్కుమని ఒకసారి తట్టేవాడు. "మీ స్టాపొచ్చింది." వాళ్ళు నవ్వి కూర్చునేవాళ్ళు. ఒకసారి పాస్టరు అయ్యగారి ప్రసంగం భోజనాల వేళ కూడా దాటింది. బయట వంటల వాసన. కండక్టర్ సాబ్ కావాలని చేశాడని నేను అనుకోను, చెయ్యి అలవాటు చొప్పున దానంతటదే తట్టింది. టక్. అయ్యగారు మాట మధ్యలో ఆగి, అటూ ఇటూ చూసి, ఆమెన్ అన్నారు. సంఘమంతా అంత గట్టిగా ఆమెన్ అనడం నేను మళ్ళీ వినలేదు.

ప్రార్థనలో ఆయన కళ్ళు మూసుకోడు. పిల్లలు ఇది కనిపెట్టారు. ఎట్లా కనిపెట్టారంటే వాళ్ళూ మూసుకోరు కాబట్టి. ఒక పాప అడిగేసింది. "తాతా, నువ్వు కండ్లు ఎందుకు మూస్తలేవు?"

"కండక్టర్ కండ్లు మూస్తే నడుమ ఎవరు దిగిన్రో ఎట్ల ఎరుకైతది బిడ్డా?"

అది జోకు కాదు. ఆ తెరిచిన కళ్ళతో ఎవరు రాలేదో చూసుకునేవాడు. సోమవారం పొద్దున షేర్ ఆటో ఎక్కి వాళ్ళ ఇంటికి వెళ్ళేవాడు. "నిన్న నీ సీటు ఖాళీగున్నది" అనేవాడు. అంతే, ఇంకో మాట అడిగేవాడు కాదు. వాళ్ళు పల్లికాయ ఒలుస్తుంటే తనూ ఒలిచేవాడు, బెండకాయ కోస్తుంటే పొలం గట్టు మీద కూర్చునేవాడు. ఏం జరిగిందో వాళ్ళే చెప్పేవాళ్ళు. మంచినీళ్ళు తాగి లేచేవాడు. ఉపదేశం ఇవ్వడం ఆయనకు రాదు. బైబిలు కథలు ఒకదాంట్లో ఒకటి కలిపేసేవాడు. ఆయన చెబితే చేప కడుపులో ఉండాల్సిన మనిషి సింహాల గుహలో తేలేవాడు. పాడితే పక్కవాళ్ళు ఆగిపోయేవాళ్ళు.

ఒకే ఒకసారి ప్రసంగ పీఠం ఎక్కాడు. అయ్యగారు ఊళ్ళో లేరు. ఆయన ఎక్కి, అందరినీ ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, "అందరు ఎక్కిన్రా?" అన్నాడు. మళ్ళీ తనే, "ఎక్కలే. మూడో బెంచి పెద్దమ్మ రాలే. కాలు ఇరిగిందట. నాకు ప్రసంగం రాదు. లేవుండ్రి, ఆమె ఇంటికి పోదాం" అన్నాడు. సంఘమంతా లేచి, పాటల పుస్తకాలతో, డోలక్‌తో, చంటిపిల్లలతో నడిచి ఆ పెద్దమ్మ వాకిట్లో దిగాం. ఆమె మంచం మీద కాలు చాపుకుని చింతపండు గింజ తీస్తోంది. ఇంతమందిని చూసి తను పోయాననుకుందట. పావుగంటలో వాకిలి నవ్వులతో నిండిపోయింది. పాటలయ్యాయి, ప్రార్థనలయ్యాయి, ఆమె దాచుకున్న పల్లీలన్నీ మేమే తినేశాం. వెళ్ళేటప్పుడు ఆమె కండక్టర్ సాబ్ చెయ్యి పట్టుకుని, "మల్ల ఇరగ్గొట్టుకుంట, మల్ల రాండ్రి" అంది.

ఇక ఆయన పెట్టిన రూలు గురించి చెప్పాలి. ఆ రూలే మా ఊరిని ఒక ఊపు ఊపింది. ఆరాధన అయి బయటికి వస్తుంటే గేటు దగ్గర అడ్డం నిలబడి ఒక్కొక్కరినీ అడిగేవాడు.

"ఇయ్యాల ఏం ఎక్కించుకున్నవ్?"

విన్నదాంట్లో ఒక ముక్క చెప్పాలి.

"మంచిది. పొద్దుగూకకముందు ఎవరి దగ్గరనన్న దించాలె. ఎక్కించుకునుడే పెట్టుకుంటే బండి డిపోకే పోతది."

అంటే ఆదివారం విన్న మాట ఆ సాయంత్రంలోగా ఇంకొకరికి చెప్పాలి. అట్లా చెబితేనే మనకు నిలబడుతుందని ఆయన నమ్మకం. సరే అని అందరం బయల్దేరాం. ఆదివారం మధ్యాహ్నాలు మా ఊళ్ళో మనుషులు మమ్మల్ని చూసి తప్పుకు తిరగడం మొదలుపెట్టారు. కిరాణా కొట్టతను షట్టరు దించేవాడు. ఆటోవాళ్ళు ఖాళీ బండి పెట్టుకుని కూడా ఆపేవాళ్ళు కాదు. చివరికి పారిపోలేని మనిషి ఒకడు మా అందరికీ దొరికాడు. టైలర్ నర్సింలు.

చేవెళ్ల రోడ్డు మీద మా ఊరి మలుపులో లేడీస్ టైలర్ అతను. మాది అతని మతం కాదు, మాతో అతనికి పేచీ లేదు. కాళ్ళు పెడల్ మీద, చేతులు గుడ్డ మీద, ఎక్కడికి పోతాడు? పైగా ఉత్త చేతులతో వెళ్ళి మాట్లాడితే బాగుండదని ప్రతి ఆడమనిషీ ఒక జాకెట్టు ముక్క పట్టుకెళ్ళేది. నేనూ అంతే. ఒకరు వెళ్తున్నట్టు ఇంకొకరికి తెలియదు, ఎవరికి వాళ్ళు తమదే తెలివి అనుకున్నారు. నా బీరువాలో జాకెట్లు పెరిగిపోతుంటే మా ఆయన అడిగాడు, "నీ భక్తికి ఇంకో బీరువా కొనాలా?" అని.

గుట్టు ఎట్లా బయటపడిందంటే, తప్పిపోయిన గొర్రె మీద అయ్యగారు ప్రసంగం చేసిన ఆదివారం సాయంత్రం నర్సింలు షాపు మూసేసి నేరుగా కండక్టర్ సాబ్ ఇంటికొచ్చాడు. ఆడవాళ్ళ కూడిక వంట గిన్నెలు ఇవ్వడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"కండక్టర్ సాబ్, జర ఒక్క మాట చెప్పు. ఆ గొర్రె దొరికిందా, దొరకలేదా?"

"ఏ గొర్రె?"

"మీ గొర్రెనే. మధ్యాహ్నంసంది వస్తనే ఉన్నరు. ఒకామె దొరికింది అన్నది. ఇంకొకామె ఇంకా ఎతుకుతున్నరు అన్నది. ఒకామె అయితే గొర్రె మంచిదే, కాపరిదే తప్పు అన్నది. ఆఖర్ల వచ్చినామె దావత్ చేసిన్రు అన్నది. ఆ గొర్రెతోనేనా అని అడిగితే సప్పుడు లేదు. నేను పరేషాన్ల చెయ్యి తప్పి జాకెట్టు మెడ ఎనక పెట్టేది ముందు పెట్టిన."

కండక్టర్ సాబ్ మొదట నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత నవ్వు మొదలైంది. గోడ పట్టుకున్నాడు, గోడ సాయం సరిపోక అరుగు మీద కూలబడ్డాడు. ఆయన భార్యను మేమంతా అవ్వ అంటాం. ఆమె బయటికొచ్చి, "ఏమైంది ఈయనకు" అని వీపు నిమిరింది. ఊపిరి తిరిగాక కళ్ళు తుడుచుకుని ఆయన చేతులు జోడించాడు.

"గొర్రె దొరికింది నర్సింలూ. కోయలే. భుజాల మీద ఎత్తుకుని తెచ్చిన్రు. దావత్ సంతోషానికి. మావోళ్ళ తిప్పలకు నన్ను మాఫ్ చెయ్యి."

"మాఫ్ ఎందుకు సాబ్, బేరం మంచిగనే ఉన్నది. దొరికిందంటివి, గంతే చాలు" అని నర్సింలు నిమ్మళంగా ఇంటికి పోయాడు.

తర్వాతి ఆదివారం గేటు దగ్గర ప్రకటన వచ్చింది. "టైలర్ దగ్గర ఫుల్ లోడ్. అందరు వేరే బండ్లు చూసుకోండ్రి." అందరూ గొణుక్కుంటూ వెళ్ళారు. నేనూ తలొంచుకుని జారుకుంటుంటే పిలిచాడు. "భీమవరం, నీకు పర్మిషన్ ఉన్నది. నువ్వు ఆడికే పో." ఎందుకో నాకర్థం కాలేదు. పెద్దాయన నా మొహం చూసి జాలిపడ్డాడనుకున్నాను.

నిజానికి నర్సింలు దగ్గర నేను మాట్లాడగలిగేదాన్ని. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. మిషన్ తొక్కుతుంటే టకటకమని ఒకటే చప్పుడు. ఆ చప్పుడు కింద నా మాట నాకే వినబడేది కాదు. వినబడకపోతే భయం లేదు. చప్పుడు మొదలవగానే నేనూ మొదలుపెట్టేదాన్ని, దారం తెగి మిషన్ ఆగితే నేనూ ఆగిపోయేదాన్ని. మొదట్లో చాలాసార్లు అట్లా మాట సగంలో తెగి, మొహం ఎర్రబడి, జాకెట్టు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. ఆ ప్రకటన తర్వాత మాత్రం ఏం అదృష్టమో, నేను వెళ్ళినప్పుడల్లా నర్సింలుకు ఆగకుండా పని ఉండేది. దారం కూడా తెగడం మానేసింది. నేను చెప్పినంతసేపూ తలొంచుకుని తొక్కుతూనే ఉండేవాడు. అయిపోయాక "మంచిదమ్మా" అనేవాడు. విన్నాడో లేదో కూడా నాకు తెలిసేది కాదు.

ఒకరోజు కండక్టర్ సాబ్ నాతో అన్నాడు. "బిడ్డా, నేను చానామందిని ఎక్కించిన, చానామందిని దించిన. నిన్నొక్కదాన్ని జర ఒడ్డుకు చేరిస్తే చాలు. పది మంది ముంగట నీ నోరు తెరుసుకుంటే నా డ్యూటీ అయిపోయినట్టే."

"మీ డ్యూటీ ఇప్పట్లో అవదండీ" అన్నాను.

"ఫికర్ లేదు, ఓవర్‌టైమ్ చేస్త" అన్నాడు.

తర్వాత ఆయనకు గుండె బలహీనపడింది. చేవెళ్లలో దవాఖానలో చేర్చారు. నేను వెళ్ళేసరికి వార్డులో మంచం మీద కూర్చుని ఎదురు మంచం పేషెంటును కిటికీ పక్కకు జరగమని చెబుతున్నాడు. గాలి అక్కడ బాగుంటుందట. అవ్వ స్టూలు మీద కూర్చుని సంత్రా ఒలుస్తోంది. నన్ను చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"వచ్చినవా భీమవరం. అయ్యగారొచ్చి ప్రార్థన చేసిపోయిండు. ఇప్పుడు నువ్వు చెయ్యి."

వార్డు నిండా జనం. కానీ పైన పాత సీలింగ్ ఫ్యాన్ ఒకటి ఘోరమైన చప్పుడుతో తిరుగుతోంది, మూలన ఎవరికో ఆవిరి పట్టే మిషన్ గుర్రుమంటోంది. సరే ఈ చప్పుడులో ఎవరికి వినబడుతుందిలే అని కళ్ళు మూసుకున్నాను. ఏం అనాలో తెలియలేదు. తెలిసిందల్లా స్కూలు ఉత్తరాలే. అట్లాగే మొదలుపెట్టాను.

"గౌరవనీయులైన దేవా, తమరికి విన్నవించుకునేది ఏమనగా, మా కండక్టర్ బాబాయిగారి ఆరోగ్య విషయమై..."

కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, ఆవిరి మిషన్ ఆగింది. "తమరు దయతో వెంటనే తగు చర్య తీసుకోవలసిందిగా" అనే ముక్క ఒక్కటే ఆ నిశ్శబ్దంలో వార్డంతా గణగణమని మోగింది. కళ్ళు తెరిస్తే మంచాల మీద వాళ్ళు, మంచాల కింద వాళ్ళు అందరూ నన్నే చూస్తున్నారు. నర్సమ్మ ఇంజెక్షను పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నా నోరు మూతపడింది. ఎంత ప్రయత్నించినా తర్వాతి మాట రాలేదు. కండక్టర్ సాబ్ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతో సెలైన్ సీసా కూడా ఊగుతోంది.

"నవ్వకుండ్రి తాతా, సూది బయటికొస్తది" అని నర్సమ్మ కసిరింది.

"పోనియ్ బిడ్డా, ఆమెన్ నేను చెప్త" అన్నాడు ఆయన, కళ్ళు తుడుచుకుంటూ. "దరఖాస్తు సగం రాసినవ్. ఖరాబు లేదు. మిగిలిన సగం మల్ల ఎప్పుడన్న, ఎక్కడన్న చెయ్యి. దేవుడు ఆఫీసు మూసుకుని పోడు."

అవ్వ నా చేతిలో సంత్రా తొన పెట్టి, "తిను బిడ్డా, చెమటలు పడుతున్నయి" అంది.

ఆయన ఇంటికైతే వచ్చాడు గానీ తేరుకోలేదు. కొన్నాళ్ళకే ఒక తెల్లవారుజామున నిద్రలోనే దిగిపోయాడు. నడుమ ఎవరు దిగుతున్నారో కనిపెట్టే మనిషి తను దిగేటప్పుడు ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం సమాధుల తోటకు ఊరు ఊరంతా వచ్చింది. చిల్కూరు, కొండకల్, శంకర్‌పల్లి, ఆయన పిలిచిన ఊళ్ళన్నీ వచ్చాయి. జనం గేటు దగ్గరే కిక్కిరిసి నిలబడిపోయారు. లోపలంతా ఖాళీ. చూస్తుంటే నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. ముందుకు జరగండి అని ఎవరైనా అంటే బాగుండనుకున్నాను. నేనే అందామనుకున్నాను. గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

అయ్యగారు రెండు మాటలు చెప్పదలచుకున్నవాళ్ళను రమ్మన్నారు. ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ దిగరు. మూడో బెంచీ పెద్దమ్మ తన కాలు విరిగిన కథ మొదటి నుంచి మొదలుపెట్టింది. తట్టేవాడు లేడు. పెట్టెలోంచి చెయ్యి చాపి ఒకసారి టక్కుమనిపిస్తాడేమోనని నేను నిజంగానే అటు చూశాను. అయ్యగారు నా వైపు కూడా చూశారు. నేను తలొంచుకున్నాను. మట్టి వేసి అందరం కదిలాం. ఆయన నా కోసం చేసిన ఓవర్‌టైమ్ అంతా వృథా చేశాననిపించింది. అంత దిగులు నాకు మా నాన్న పోయినప్పుడు కూడా లేదు.

నడుస్తూ రోడ్డు మలుపు దాకా వచ్చాను. నర్సింలు షాపు సగం షట్టరు తీసి ఉంది. సమాధుల తోట గేటు బయట చివరన అతను నిలబడి ఉండగా చూశాను, నాకంటే ముందే వచ్చినట్టున్నాడు. నన్ను చూసి షట్టరు పైకెత్తాడు.

"రాండ్రమ్మా. మీ గురించే తీసిపెట్టిన. ఇంకా పొద్దుగూకలే."

"ఇవాళ ఆదివారం కాదు నర్సింలుగారూ. జాకెట్టు ముక్క కూడా తేలేదు."

"ఏం ఫికర్ లేదు. కూసోండ్రి. లోపల ఏమేం చెప్పిన్రు? నాకు గేటు కాడ ఏం ఇనరాలే."

కూర్చున్నాను. అతను మిషన్ దగ్గర కూర్చుని, తలొంచుకుని, తొక్కడం మొదలుపెట్టాడు. టకటకమని పాత చప్పుడు. నేను నోరు తెరవబోయి, మొట్టమొదటిసారి ఆ మిషన్ వైపు చూశాను. ఎప్పుడూ నా భయంలో నేను నా కాళ్ళ వైపు చూసుకునేదాన్ని. సూది కింద గుడ్డ లేదు. సూదిలో దారం లేదు.

"నర్సింలుగారూ, గుడ్డ ఏదండీ?"

"ఎప్పుడున్నది గనుక?" అన్నాడు, తొక్కడం ఆపకుండానే. "ఆ గొర్రె ముచ్చటకాడికెల్లి మీరు వచ్చినప్పుడల్ల ఉత్తగనే తొక్కుత. కండక్టర్ సాబ్ చెప్పిండు. నర్సింలూ, భీమవరం మాట్లాడేటప్పుడు మిషన్ ఆపకు, ఆపినవంటే ఆమె దిగిపోతది అన్నడు. దారం తెగుతది గద సాబ్ అంటే, దారం ఎందుకు, ఉత్త మిషన్ తొక్కు అన్నడు."

ఎన్ని ఆదివారాలు ఈ మనిషి నా కోసం ఉత్త మిషన్ తొక్కాడో. ఎన్నిసార్లు ఆ పెద్దాయన గేటు దగ్గర నిలబడి, ఏమీ తెలియనట్టు, "దించినవా బిడ్డా?" అని అడిగాడో.

"మీకు నా మాటలు వినబడేవా?" అన్నాను.

"మంచిగ. మా మిషన్ సప్పుడు మాకు ఇనబడదమ్మా, అలవాటు. మీ మాటనే ఇనబడుతది."

నాకు నవ్వొచ్చింది. ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఎంత అందవికారంగా ఉంటుందో షాపు అద్దంలో కనబడింది.

"ఎప్పటిదాకా తొక్కమన్నారు?"

"నేనూ అదే అడిగిన. ఎప్పటిదాక సాబ్ అని. ఆమె ఆపమనేదాక అన్నడు."

రోడ్డు మీద చేవెళ్ల బస్సు ఒకటి ఆగి, జనాన్ని దించి వెళ్ళిపోయింది. మబ్బుల అంచున పొద్దు ఇంకా కొంచెం మిగిలి ఉంది. నర్సింలు తొక్కుతూనే ఉన్నాడు.

"ఆపండి" అన్నాను.

అతను పెడల్ మీంచి కాళ్ళు తీశాడు. చక్రం కాసేపు దానంతటదే తిరిగి ఆగింది. షాపు ముందు బస్సు దిగినవాళ్ళు నిలబడి ఉన్నారు, పక్కన చాయ్ బండి దగ్గర నలుగురున్నారు. నేను లేచి నిలబడి, వంటింట్లోంచి మా ఆయన్ను పిలిచే గొంతుతో, ఆయన గురించి చెప్పడం మొదలుపెట్టాను. జనం తిరిగి చూశారు. చాయ్ గ్లాసులతో ఒకరిద్దరు గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయారు.

"లోపలికి జరగండి" అన్నాను వాళ్ళతో. "ఖాళీ ఉంది."